సెంటాస్ 7కి గడువు అయిపోయింది, వెబ్ సర్వర్ ఎటు మార్చాలి?

ప్రింటింగ్‌ప్రెస్
మా సాహిత్య పత్రిక సైటు, దాంతోపాటు తెలిసిన ఇద్దరు ప్రచురణకర్తల పుస్తకాల సైట్లు, మూడూ ఒకే వీపీఎస్ (అద్దె సర్వర్) మీద నడుస్తున్నాయి. 2 జీబీ రామ్, ఓఎస్ సెంటాస్ 7 లైనక్స్, వెబ్ సర్వర్ అపాచీ, సైట్ల కోడ్ పీహెచ్‌పీ, డేటాబేస్ మరియాడీబీ 5.5. 2024 జూన్ 30తో సెంటాస్ 7 గడువు (అప్‌డేట్లు ఇచ్చే కాలం) అయిపోయింది కదా, అప్పటి నుంచి యమ్‌తో (ప్యాకేజీలు దించే టూల్) ఏం చేయబోయినా మిర్రర్‌లిస్ట్ హోస్టు దొరకడం లేదని ఎర్రర్ కొడుతోంది. హోస్టింగ్ వాళ్లని అడిగితే "కొత్త ప్లాన్ తీసుకోండి, మేమే మార్చిపెడతాం" అని ఒక రేటు పంపారు. ఆ రేటుతో పత్రిక రెండు సంచికలు అచ్చేసుకోవచ్చు.

అడిగేవి రెండు. ఉన్న మెషీన్ మీదే ఓఎస్‌ని పైకి ఎక్కించొచ్చా, లేక కొత్తది తీసుకుని సైట్లు దాని మీదకి తరలించాలా? ఆల్మా, రాకీ, డెబియన్, ఉబుంటు, ఈ లైనక్స్‌లలో ఏది? "ఏదైనా ఒకటే" అనే మహానుభావులు దయచేసి ఈ ఒక్కసారికి ఆగండి. ఒకసారి పెడితే పదేళ్లు ముట్టుకోకుండా నడవాలి నాకు.

రూట్‌రంగయ్య
ముందు ఆ యమ్ సంగతి చూడు. ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే మిర్రర్‌లిస్ట్ సర్వర్ ఎత్తేశారు, ప్యాకేజీలు మాత్రం వాల్ట్ అనే పాత సామాన్ల సర్వర్లో భద్రంగా ఉన్నాయి. ఈటీసీ కింద యమ్ రెపోల (ప్యాకేజీ గిడ్డంగుల) ఫోల్డర్ ఉంటుంది చూడు, అందులో సెంటాస్ బేస్ ఫైల్ తెరువు. మిర్రర్‌లిస్ట్ లైన్ల ముందు హ్యాష్ పెట్టు. బేస్‌యూఆర్ఎల్ లైన్ల ముందున్న హ్యాష్ తీసేసి, అడ్రసులో మిర్రర్ అన్నచోట వాల్ట్ అని మార్చు. యమ్ మళ్లీ నోరు విప్పుతుంది. కాకపోతే అక్కడ దొరికేవి జూన్ దాకా వచ్చినవే, ఇకపై కొత్త సెక్యూరిటీ ప్యాచ్ ఒక్కటీ రాదు. తరలించడానికి కావాల్సిన సామాన్లు దించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

గోలీసోడా
పదేళ్లు ముట్టుకోకుండా ఉండాలంటే రాగి రేకు మీద చెక్కించుకోండి సార్.

డెబియన్‌దాసు
డెబియన్ 12. చర్చ ముగిసింది.

నల్లతెర
వచ్చాడండీ. పింగ్ కొట్టినా ఇంత తొందరగా రిప్లై రాదు.

వరంగల్‌వీఎం
అన్నా, ఏది పెట్టినా ముందు సెంటాస్ 8 ముచ్చట యాదిల పెట్టుకో. 2029 దాకా ఉంటదని చెప్తే నమ్మి మా ఆఫీసుల సర్వర్లన్నీ 8 మీదికి ఎక్కించినం. 2020 డిసెంబర్ 8 నాడు సెంటాస్‌ను చేతుల పెట్టుకున్న రెడ్‌హ్యాట్ కంపెనీ ప్రకటన. 2021 డిసెంబర్ 31తోని 8 బంద్, కావాలంటే స్ట్రీమ్ వాడుకోండి అన్నరు. ఎక్కించి ఏడాది కూడ కాలే మాకు. సోమరిపోతుల్లెక్క 7 మీదనే కూసున్నోళ్లు 2024 జూన్ దాకా హాయిగా ఉన్నరు. కష్టపడి పైకి పోయినోడు ముందు మునిగిండు. గందుకే తారీఖు ఎవడు ఇస్తుండో చూడాలె, తారీఖు ఎంత పెద్దదని కాదు.

బెజవాడబైట్
స్ట్రీమ్ అంటే ఏంటో ఒక్క ముక్కలో ఎవరైనా చెప్పండి. నాకిప్పటికీ అర్థం కాలేదు.

వరంగల్‌వీఎం
రెడ్‌హ్యాట్ అమ్మే ఓఎస్ ఆర్‌హెచ్ఈఎల్. దాని తర్వాతి పాయింట్ రిలీజుల (చిన్న వెర్షన్లల్ల) వచ్చేటివి ముందుగల్ల స్ట్రీమ్‌ల కనవడ్తయి. పాత సెంటాస్ దానికి కాపీ లెక్క వెనకాల నడిచేది, ఇది ముందు నడుస్తది. మంచిదే, గని వెబ్ సర్వర్ పెట్టుకునేటోడికి వెనకాల నడిచేదే నిమ్మలం.

ఎన్నారైనోడ్
సెంటాస్ 2004లో కొందరు వాలంటీర్లు మొదలుపెట్టారు. 2014 జనవరిలో రెడ్‌హ్యాట్ దాన్ని తన గొడుగు కిందకి తెచ్చుకుంది. పేరూ హక్కులూ చేతిలో ఉన్నవాడు తలుచుకుంటే తలుపు మూసేయగలడని అందరికీ తెలిసింది 2020లోనే.

ఆ ఖాళీలోకి రెండు వచ్చాయి. క్లౌడ్‌లైనక్స్ కంపెనీ ఆల్మాను మొదలుపెట్టి, దాన్ని లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతికి ఇచ్చింది. మొదటి విడుదల 2021 మార్చిలో వచ్చింది. రాకీ వెనక ఉన్నది సెంటాస్ మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్. చనిపోయిన తన సహచరుడు రాకీ మెక్‌గా పేరే దానికి పెట్టాడు. 2021 జూన్‌లో బయటికొచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ ఇంకో మెలిక పెట్టింది. ఆర్‌హెచ్ఈఎల్ సోర్సు ఇకపై తన కస్టమర్లకే, బయటివాళ్లకి స్ట్రీమ్ సోర్సు చాలు అంది. రాకీ వాళ్లు కంటైనర్ ఇమేజ్‌ల (కావలసిన ఓఎస్ ముక్కలతో సహా కట్టిన ప్రోగ్రాం పెట్టెల) నుంచీ, క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న మెషీన్ల నుంచీ సోర్సు సంపాదిస్తూ పాత దారిలోనే పోతామన్నారు. ఆల్మా వాళ్లు "అచ్చుగుద్దినట్టు ఉండాలన్న పట్టు మాకొద్దు, ఆర్‌హెచ్ఈఎల్ మీద నడిచే ప్రోగ్రాం మా మీదా నడిస్తే చాలు" అన్నారు. దానివల్ల ఒక లాభం ఉంది, రెడ్‌హ్యాట్ ఇంకా సరిచేయని బగ్‌ని ఆల్మా తనంతట తాను సరిచేసుకోవచ్చు. నేను రెండూ వాడతాను. ఒక మామూలు వెబ్‌సైటుకి తేడా కనిపించదు.

నల్లతెర
అంటే "ఏదైనా ఒకటే" అన్నమాట. ప్రెస్ గారు వద్దన్నా అన్నారు మీరు.

ఎన్నారైనోడ్
ఆల్మాకీ రాకీకీ మధ్య ఒకటే అన్నాను. డెబియన్ గొడవలోకి నన్ను లాగకండి.

డెబియన్‌దాసు
లాగక్కర్లేదు, నేనే వస్తున్నా. పై పోస్టుల్లో ఎన్ని కంపెనీల పేర్లొచ్చాయో చూశారా? రెడ్‌హ్యాట్ ఏమంది, క్లౌడ్‌లైనక్స్ ఏం ఇచ్చింది... డెబియన్‌కి ఓనరే లేడు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. 1997లో వాడేవాళ్లకి మాటిస్తూ సామాజిక ఒప్పందం రాసుకున్నారు. నాయకుణ్ణి ఏటా డెవలపర్లే ఓటేసి ఎన్నుకుంటారు. రేపు పొద్దున ఏ బోర్డు మీటింగో జరిగి "వచ్చే డిసెంబర్‌తో సరి" అనే అవకాశం లేదు. మనం రోజూ చదివే తెలుగు వికీపీడియా సహా వికీమీడియా సర్వర్లన్నీ డెబియన్ మీదే నడుస్తున్నాయి. అంత పెద్ద సైటుకి సరిపోయింది ఒక పత్రికకి సరిపోదా?

పాతకెర్నల్
దాసు గారి భక్తిని శంకించను కానీ ప్రెస్ గారు అడిగింది పదేళ్లు. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో. మొదటి మూడేళ్లు అసలు సెక్యూరిటీ టీం చూస్తుంది. ఆ తర్వాత 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) అని వేరే జట్టు. కంపెనీలిచ్చే డబ్బుతో నడుస్తుంది, పని బాగానే చేస్తారు. మొత్తం కలిపి ఐదేళ్లు. ఆల్మా 9 అయితే 2032. "ఓనర్ లేడు" అనేది బాగుంది, ఓపిక కూడా ఐదేళ్లే.

డెబియన్‌దాసు
ఐదేళ్లకోసారి 12 నుంచి 13కి అక్కడికక్కడే ఎక్కించుకోవచ్చు. ఆప్ట్‌లో (మీ యమ్ లాంటిదే) సోర్సుల ఫైలు మార్చి, రిలీజ్ నోట్స్ చదివి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. నా ఇంటి సర్వర్ డెబియన్ 6 నుంచి అలాగే ఎక్కుతూ వచ్చింది. మీ వైపు 7 నుంచి 8కి పోవాలంటే పురిటినొప్పులు.

బెజవాడబైట్
ఉబుంటుని ఎవరూ పలకరించరేంటి? 24.04కి ఐదేళ్లు ఎలాగూ ఉంది. ఉబుంటు ప్రో అనే చందా టోకెన్ పెట్టుకుంటే పదేళ్లు. సొంతానికి వాడుకునేవాళ్లకి ఐదు మెషీన్ల దాకా ఫ్రీ. ప్రెస్ గారు అడిగిన పదేళ్లు అక్షరాలా అక్కడున్నాయి.

డెబియన్‌దాసు
స్నాప్ అనే ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతి కూడా అక్కడే ఉంది.

బెజవాడబైట్
సర్వర్ మీద స్నాప్ వద్దంటే తీసేయొచ్చు బాబాయ్. నేను మొదటి రోజే తీసేస్తా.

దెయ్యంబొమ్మ
లైనక్స్ వాళ్లంతా కొట్టుకోవడం అయ్యాక ఒక మాట. లైనక్స్ కాని ఓఎస్ ఒకటుంది, ఫ్రీబీఎస్‌డీ. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే పెట్టెలన్నీ దాని మీదే. వాట్సాప్ 2012లో ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది కూడా ఫ్రీబీఎస్‌డీ మీదే. మీరు ఇప్పుడు కంటైనర్లని మురిసిపోయేదాన్ని జైల్స్ పేరుతో 2000లోనే ఇచ్చారు. కెర్నల్, లైబ్రరీలు, మాన్యువల్ పేజీలు ఒకే చోట ఒకే జట్టు చేతిలో తయారవుతాయి. జడ్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టంలో స్నాప్‌షాట్ తీసుకుని అప్‌డేట్ చేయి, నచ్చకపోతే వెనక్కి రా.

గోలీసోడా
ఆయన సైటు నెలకి ఎంతమంది చూస్తారో మరి, మీరు 20 లక్షల కనెక్షన్లు అంటున్నారు.

ప్రింటింగ్‌ప్రెస్
కొత్త సంచిక వచ్చిన రోజున బాగానే చూస్తారండీ. మిగతా రోజుల్లో నేనూ, గూగుల్ బాటూ.

గుంటూరుగ్రబ్
నేనైతే కదపను. నా సెంటాస్ 7 ముందు ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) పెట్టా, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ని వీపీఎన్ వెనక దాచా. బయటికి కనిపించేది ఏమీ లేదు. ఇంకో మాట. గడువు ముగిసిన మర్నాడే, జూలై 1న, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో రెగ్రెషన్ బగ్ బయటపడింది కదా. లోకం అంతా పరుగులు పెట్టింది. నా సెంటాస్ 7లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.4 వెర్షన్. దానికి ఆ బగ్గే లేదు 😄 కొత్తవి ఎక్కించుకున్నోళ్లే రాత్రంతా కూర్చుని ప్యాచ్‌లు వేసుకున్నారు.

ఎన్నారైనోడ్
@గుంటూరుగ్రబ్ నిజమే, ఆ బగ్ 8.5 నుంచి 9.7 దాకా ఉన్న వెర్షన్లది. 2006లో మూసిన కన్నాన్నే 2020లో ఎవరో తెలియక మళ్లీ తెరిచారు. అందుకే రెగ్రెషన్ అన్నారు. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ కన్నం బయటపడినప్పుడూ ఇంతే, సెంటాస్ 5 వాళ్లు పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పుణ్యమా అని తప్పించుకున్నారు. కానీ దాన్ని పద్ధతి అనుకుంటే ఎలా? డెబియన్ 12లో ఆ బగ్ ఉంది, ప్రకటించిన రోజే సరిచేసిన ప్యాకేజీ కూడా వచ్చింది. రేపు మీ 7.4లో ఏదైనా దొరికితే సరిచేసేవాడెవడు? డబ్బు కడితే పాత సెంటాస్‌కి ప్యాచ్‌లిచ్చే కంపెనీలున్నాయి, కడుతున్నారా?

గుంటూరుగ్రబ్
కట్టడం లేదు. కారం మిల్లు స్టాకు లెక్కల సైటుకి ఎవడొస్తాడండీ?

సీతాఫలం
మనిషి రానక్కర్లేదు. బాట్‌లకి కారం మిల్లైనా బ్యాంకైనా ఒకటే ఐపీ అడ్రసు. లోపలికి దూరి మీ దాని మీద నుంచి స్పామ్ పంపుతారు. రెండో రోజుకి మీ ఐపీ బ్లాక్‌లిస్టులో ఉంటుంది, మీరు పంపే ఇన్వాయిస్ ఏ మెయిల్‌బాక్స్‌కీ చేరదు. చేరలేదని మీకు తెలిసేది కస్టమర్ ఫోన్ చేసి తిట్టినప్పుడు.

కొత్తబిచ్చగాడు
కొత్తవి అంటే 2024 మార్చిలో వచ్చిన ఎక్స్‌జడ్ బ్యాక్‌డోర్ (ఫైళ్లు కుదించే టూల్లో దాచిన దొంగదారి) లాంటివి కూడా వస్తాయి కదా? చదివినప్పటి నుంచి భయం. ఓపెన్‌సోర్స్ అంటే అందరూ చూస్తారంటారు, మరి ఎవరూ ఎందుకు చూడలేదు?

పాతకెర్నల్
ఒకడు చూశాడు కదా. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. డెబియన్ అన్‌స్టేబుల్ (ఇంకా పరీక్షల్లో ఉన్న వెర్షన్) మీద ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జడ్ 5.6.0 దగ్గర తేలింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. అవతల జియా టాన్ అని పేరు పెట్టుకున్నవాడు ఏళ్ల తరబడి బుద్ధిమంతుడిలా ప్యాచ్‌లు పంపి, ఒంటరిగా నెట్టుకొస్తున్న మెయింటైనర్ దగ్గర నమ్మకం సంపాదించి చేసిన పని అది. డెబియన్ స్టేబుల్‌కీ, ఆర్‌హెచ్ఈఎల్‌కీ, వాటి పిల్లలకీ అది చేరనే లేదు. "మీ ప్యాకేజీలు ముసలివి" అని వెక్కిరిస్తారే, ఆ ముసలితనం పని చేసేది ఇక్కడ. అంతేగాని గడువైపోయినదాన్ని పట్టుకుని వేలాడటంలో కాదు. గ్రబ్ గారూ, ఇది మీక్కూడా.

గుంటూరుగ్రబ్
విన్నాను. సంక్రాంతికి మారుస్తా.

నల్లతెర
ఏ సంక్రాంతికి?

ప్రింటింగ్‌ప్రెస్
నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. అక్కడికక్కడే ఎక్కించే ఎలివేట్ అనే టూల్ ఆల్మా వాళ్లది ఉందట కదా. అది వాడితే ఎలా ఉంటుంది?

పాతకెర్నల్
ఉంది. రెడ్‌హ్యాట్ వాళ్ల లీప్ అనే అప్‌గ్రేడ్ టూల్ మీద కట్టింది. 7 నుంచి 8కి ఎక్కిస్తుంది. 9 కావాలంటే మళ్లీ ఇంకో మెట్టు. ముందు ప్రీఅప్‌గ్రేడ్ నడిపితే ఒక రిపోర్టు ఇస్తుంది, ఏమేం అడ్డొస్తాయో చెప్తుంది. కొత్త కెర్నల్‌లో తీసేసిన డ్రైవర్లు, ఎస్‌ఎస్‌హెచ్‌లో రూట్ లాగిన్ సెట్టింగు లాంటివి. అసలు చిక్కు బయటి రెపోలతో. నీ పీహెచ్‌పీ రెమీ రెపో నుంచి వచ్చి ఉంటే, ఎపెల్ నుంచి నాలుగు ప్యాకేజీలు తెచ్చుకుని ఉంటే, అవి సగం పాతవి సగం కొత్తవిగా మిగిలిపోతాయి. రీబూట్ అయ్యాక నెట్‌వర్క్ కార్డు పేరు మారి మెషీన్ బయటికి కనపడకుండా పోతే వెబ్ కన్సోల్ లోంచి దూరాలి. నీ హోస్టింగ్‌లో కన్సోల్ ఉందా?

ప్రింటింగ్‌ప్రెస్
ఉందన్నారు. నొక్కితే తెల్ల పేజీ వస్తుంది.

రూట్‌రంగయ్య
అయితే ఎలివేట్ మాట మర్చిపో. కొత్త వీఎం అద్దెకి తీసుకో, నెలాఖరు దాకా రెండూ నడుపు. ఈరోజే డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుని ఐపీకి ముడిపెట్టేది) టీటీఎల్‌ని, అంటే బయటివాళ్లు పాత ఐపీని గుర్తుంచుకునే గడువుని, 300 సెకన్లకి దించు. ఆర్‌సింక్‌తో ఫైళ్లు, డంప్‌తో డేటాబేస్ తెచ్చుకో. నీ ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్లో కొత్త ఐపీ రాసుకుంటే, ఊరందరికీ పాత సైటే కనిపిస్తుంటే నీకు కొత్తది కనిపిస్తుంది. అంతా బాగుందనుకున్నాకే డీఎన్‌ఎస్ మార్చు. తేడా కొడితే ఐదు నిమిషాల్లో వెనక్కి రావచ్చు.

సీతాఫలం
ఏ ఓఎస్ అని ఇంతమంది చెప్పారు, ఒక్కరూ అడగని ప్రశ్న అడుగుతా. ప్రెస్ గారూ, మీకు జ్వరమొస్తే ఆ సర్వర్ ఎవరు చూస్తారు? నేను చిన్న చిన్న సంస్థల సర్వర్లు చూస్తుంటా. పాడైపోయిన వాటిలో ఎక్కువ భాగం ఓఎస్ చెడ్డదై పాడవలేదు. పెట్టినాయన ఉద్యోగం మారిపోయి, తర్వాత వచ్చిన మనిషికి దాని భాష రాక పాడైనవే. మీ తర్వాత చూసే మనిషికి ఏది వస్తే అది పెట్టండి.

ప్రింటింగ్‌ప్రెస్
మా అక్క కొడుకు చూస్తాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, కాకినాడ. వాడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. యమ్ అంటే "అదేంటి మామయ్యా" అన్నాడు.

సీతాఫలం
ఇంకేం, ఆప్ట్ కుటుంబంలోకి వెళ్లండి. డెబియనో ఉబుంటువో మీరూ మేనల్లుడూ తేల్చుకోండి.

వరంగల్‌వీఎం
గిది నేను ఒప్పుకోను. పిల్లగాడు ఇంకో ఏడాదిల చదువై బెంగళూరు పోతడు. ప్రెస్ అన్నకు పదేండ్ల సంది యమ్, ఎస్‌ఈలైనక్స్ అనే సెక్యూరిటీ కాపలా, అపాచీ ఫైళ్లు ఎక్కడుంటయో చేతులకు అలవాటైనయి. డెబియన్‌ల సర్వీస్ పేరు కాడికెళ్లి మారుతది. హెచ్‌టీటీపీడీ పోయి అపాచీ 2 వస్తది, యూజర్ అపాచీ పోయి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా వస్తది, ఒక్కో సైటును ఏ2ఎన్‌సైట్ కొట్టి లేపాలె. గంత తిప్పలు ఎందుకు? ఆల్మా 9 పెట్టు, 2032 దాకా పండుకో.

నల్లతెర
ఎస్‌ఈలైనక్స్ అలవాటు అంటే సెట్ఎన్‌ఫోర్స్ సున్నా కొట్టి దాన్ని ఆపేయడమేగా అందరికీ ఉన్న అలవాటు.

వరంగల్‌వీఎం
నీకు ఉండొచ్చు. మాకు రీస్టోర్‌కాన్ కొట్టి సరిచేసుడు వస్తది.

ప్రింటింగ్‌ప్రెస్
రెండూ ఆలోచించాను. వరంగల్ అన్న చెప్పినదాంట్లో నిజముంది, నా చేతులకి యమ్మే అలవాటు. కానీ రాత్రి పన్నెండుకి సైటు పడితే నేను ఫోన్ చేసేది మేనల్లుడికే, బెంగళూరు పోయినా వాడికే. డెబియన్ 12 తీసుకున్నా. దాసు గారు గంతులేయకండి.

డెబియన్‌దాసు
🙏🙏🙏

ప్రింటింగ్‌ప్రెస్
గంతులు ఆపండి, రెండు సమస్యలు వచ్చాయి.

1. పుస్తకాల సైట్లు తెల్లగా వస్తున్నాయి. లాగ్‌లో మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షనే లేదంటోంది.
2. పత్రిక సైటులో తెలుగు మొత్తం పోయింది. ప్రతి అక్షరం చోటా తల మీద గీటున్న చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో. పాత మెషీన్లో అదే డేటా శుభ్రంగా కనిపిస్తోంది.

రూట్‌రంగయ్య
మొదటిది తేలిక. ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు పీహెచ్‌పీ 7.0లోనే పీకేశారు. డెబియన్ 12లో ఉన్నది 8.2. సైటు కోడ్ ఎవరు రాశారు?

ప్రింటింగ్‌ప్రెస్
రాసినాయన ఇప్పుడు రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు.

కొత్తబిచ్చగాడు
పాత సెంటాస్ 7నే కంటైనర్‌లో పెట్టి దాని మీద పీహెచ్‌పీ 5.4 నడిపితే?

పాతకెర్నల్
శవాన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టి మనిషి బాగానే ఉన్నాడన్నట్టు ఉంటుంది. కన్నాలన్నీ కంటైనర్ లోపల అలాగే ఉంటాయి.

సీతాఫలం
ఆ పుస్తకాల సైట్లలో రోజూ మారేది ఏమైనా ఉందా? ఆర్డర్లు, లాగిన్‌లు?

ప్రింటింగ్‌ప్రెస్
ఏమీ లేదు. పుస్తకం బొమ్మ, ధర, ఫోన్ నంబరు. ఏడాదికి నాలుగైదు కొత్త పుస్తకాలు చేరుస్తాం.

సీతాఫలం
అయితే పీహెచ్‌పీ ఎందుకసలు? పాత మెషీన్ బతికుండగానే డబ్ల్యూగెట్‌తో మిర్రర్ (సైటు మొత్తం కాపీ) తీయండి. లింకులు మార్చే ఆప్షనూ, ఎక్స్‌టెన్షన్ సరిచేసే ఆప్షనూ పెట్టండి. మొత్తం హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా దిగుతుంది. అవి కొత్తదాంట్లో పెట్టేస్తే ఏ పీహెచ్‌పీ వచ్చినా పోయినా వాటికి పట్టదు. కొత్త పుస్తకం వస్తే ఒక ఫైలు కాపీ చేసి పేరూ ధరా మార్చుకోవడమే. పదేళ్లు ముట్టుకోకుండా ఉండేది ఏదైనా ఉందంటే ఇదే.

ఒత్తులబుడ్డి
రెండో సమస్య నా పేటెంటు, ఇటు రండి.

యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. ఆ బైట్లని ఎవరైనా లాటిన్1 (పడమటి భాషల పాత పద్ధతి, అక్షరానికి ఒకే బైటు) అనుకుని చదివితే ఈ0 అంటే తల మీద గీటున్న ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్ మైనస్. మీరు చెప్పింది అచ్చంగా అదే. డేటా ఎక్కడికీ పోలేదు, కంగారు పడకండి.

జరిగింది ఇదీ. పాత టేబుళ్లు లాటిన్1 అని పుట్టాయి. పాత పీహెచ్‌పీ కనెక్షన్ కూడా లాటిన్1 అనే మాట్లాడేది. బ్రౌజర్ ఇచ్చిన తెలుగు బైట్లని మారుమాట లేకుండా లోపలికి తోసింది, అడిగితే అలాగే బయటికి ఇచ్చింది. ఇద్దరూ ఒకే అబద్ధం ఆడటం వల్ల పదేళ్లు నిజంలా నడిచింది. కొత్తదాంట్లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్ భాషలో యూటీఎఫ్-8) అని నిజం చెప్తోంది, డేటాబేస్ ఆ బైట్లని లాటిన్ అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మారుస్తోంది. రెండుసార్లు ఉడికింది.

మందు: పాత మెషీన్లో డంప్ తీసేటప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఇవ్వండి, స్కిప్ సెట్ క్యార్‌సెట్ కూడా ఇవ్వండి. అప్పుడు ఫైలులోకి అసలు బైట్లు దిగుతాయి. ఆ ఫైలుని ఎడిటర్లో తెరిస్తే తెలుగు చక్కగా కనిపించాలి. కనిపించకపోతే అక్కడే ఆగి ఇక్కడికి రండి. కనిపిస్తే, టేబుల్ నిర్వచనాల్లో లాటిన్1 అన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి, కొత్తదాంట్లోకి యూటీఎఫ్8ఎంబీ4 కనెక్షన్‌తో ఎక్కించండి.

ప్రింటింగ్‌ప్రెస్
తెలుగు కనిపించింది! ఎక్కిస్తుంటే మాత్రం మధ్యలో "స్ట్రింగ్ విలువ తప్పు" అని శీర్షిక కాలమ్ దగ్గర ఆగిపోతోంది.

ఒత్తులబుడ్డి
ఆ శీర్షిక పొడుగ్గా ఉందా? పాత కాలమ్ వార్‌క్యార్ 100 అయి ఉంటుంది. లాటిన్1లో 100 అంటే 100 బైట్లే, అంటే తెలుగులో 33 అక్షరాలు, ఇంకో ముక్క. మీరు ఆనాడు పొడుగు శీర్షిక పెడితే పాత మరియాడీబీ నోరెత్తకుండా 100వ బైటు దగ్గర కోసేసింది. చివరి అక్షరంలో మూడో వంతు మిగిలింది. కొత్తది స్ట్రిక్ట్ మోడ్, ఆ విరిగిన ముక్కని రానివ్వదు. డంప్ ఫైలుని ఐకాన్వ్ అనే టూల్‌లో సీ ఆప్షన్‌తో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే తిప్పండి, విరిగిన బైట్లు రాలిపోతాయి. తెగిన శీర్షికలు మాత్రం అచ్చు సంచిక పక్కన పెట్టుకుని చేత్తో పూర్తి చేసుకోవాల్సిందే.

నల్లతెర
ఒక కవి పేరు చివర దీర్ఘం ఎందుకు ఎగిరిపోయిందో ఇప్పుడు తెలిసుంటుంది.

ప్రింటింగ్‌ప్రెస్
కవి పేరు కాదు గాని, ఒక వ్యాసం శీర్షిక "...సమకాలీన కథల్లో స్త్ర" దగ్గర ఆగి ఉంది. రచయిత్రి ఆనాడే ఉత్తరం రాశారు. ప్రూఫులు చూసినాయన్ని అనుమానించాం.

అంతా ఎక్కింది. తెలుగు వచ్చేసింది. ఒత్తులబుడ్డి గారికి జీవిత చందా ఉచితం.

బెజవాడబైట్
వ్యాసాలకి పీడీఎఫ్ బటన్ ఉంటే అదీ నొక్కి చూడండి. కొత్త డెబియన్‌లో తెలుగు ఫాంట్లు ఉండవు, డబ్బాలొస్తాయి. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీ వేసుకోండి, లోహిత్ వగైరా అందులో వస్తాయి.

ఒత్తులబుడ్డి
అవును. ఫాంటు ఉన్నా ఒత్తులు పక్కకి జరిగి పడితే, బొమ్మ గీసే లైబ్రరీకి తెలుగు అక్షరాలు కూర్చడం రావట్లేదని అర్థం. పాంగో లైబ్రరీ వాడేదానికి మారండి.

దెయ్యంబొమ్మ
ఫ్రీబీఎస్‌డీ పెట్టుంటే...

గోలీసోడా
పెట్టుంటే అక్షరానికి మూడు బైట్లు కాకుండా రెండే ఉండేవా?

రూట్‌రంగయ్య
ప్రెస్, డీఎన్‌ఎస్ మార్చే ముందు మూడు చూడు. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ వేసి, సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటంతట అవే పడేలా పెట్టు. సర్టిఫికెట్ గడువు పొడిగించే సర్ట్‌బాట్ టైమర్ ఉందో లేదో సిస్టమ్‌డీ టైమర్ల జాబితాలో చూడు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులే. బ్యాకప్ అదే హోస్టింగ్ వాళ్ల దగ్గర కాకుండా వేరే చోట పడాలి.

ప్రింటింగ్‌ప్రెస్
మూడూ అయ్యాయి. బ్యాకప్ మేనల్లుడి ఇంట్లో హార్డ్ డిస్క్‌కి రాత్రిపూట వెళ్తుంది. నిన్న సాయంత్రం డీఎన్‌ఎస్ మార్చాను. పాత ఐపీకి ఇంకా కొన్ని బాట్‌లు వస్తూనే ఉన్నాయి, మనుషులైతే కొత్తదానికే వస్తున్నారు.

సీతాఫలం
పాతది తుడిచేసే ముందు మెయిల్ సంగతి చూసుకోండి. మెయిల్ ఎటు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు దాని మీద ఉందా?

ప్రింటింగ్‌ప్రెస్
మెయిల్ వేరే చోట ఉంది. కానీ మీరు అడిగారని చూస్తే మా పేరుతో మెయిల్ ఏ ఐపీ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో పాత ఐపీయే ఉంది. చందాదారులకి వెళ్లే రసీదులు కొత్త మెషీన్ నుంచి పోతాయి కదా, ఇప్పుడే మారుస్తున్నా.

సీతాఫలం
రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పేది) కూడా పెట్టించండి. అది మీ డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో ఉండదు, హోస్టింగ్ వాళ్ల ప్యానెల్‌లో ఐపీ పక్కన ఉంటుంది.